గోరు మూలను తవ్వకండి: కండలోకి దిగిన కాలి గోరుకు ఇంటి జాగ్రత్త, వైద్యం

కాలి బొటనవేలి గోరు మూల నొప్పి పెట్టగానే మనలో చాలామంది చేసే మొదటి పని, నెయిల్ కట్టర్ మూతిని ఇంకొంచెం లోపలికి పోనిచ్చి, గుచ్చుకుంటున్న ముక్కను తీసేయడం. ఆ పూటకు హాయిగానే ఉంటుంది. మూడు నాలుగు వారాలు గడిచేసరికి అదే చోట, ఈసారి మరికాస్త లోతున, నొప్పి మళ్లీ మొదలవుతుంది. మా ఇంట్లో పదో తరగతి చదువుతున్న పిల్లవాడికి ఇలా మూడుసార్లు జరిగింది. నాలుగోసారి కట్టర్ దాచిపెట్టి, వాణ్ని డాక్టరు దగ్గరికి తీసుకువెళ్లాము. ఆయన వేలికి మత్తు ఇచ్చి, గోరు పక్క నుంచి బయటికి లాగి గాజుగుడ్డ మీద పెట్టి చూపించిన ముక్క బియ్యపు గింజలో సగమైనా లేదు, కానీ దాని కొన సూదిలా ఉంది. నెలల తరబడి ఆ పిల్లవాణ్ని కుంటించింది ఆ కొనే; దాన్ని అక్కడ తయారు చేసింది మాత్రం మా కట్టరే.

గోరు పక్కన నిజంగా జరిగేదేమిటి

గోరు కెరటిన్ అనే గట్టి ప్రోటీనుతో తయారైన పలక. మనకు కనిపించే పలకలో ప్రాణం లేదు. అందుకే కత్తిరిస్తే నొప్పి తెలియదు. ప్రాణమున్న భాగం గోరు మొదట్లో, చర్మం కింద దాగి ఉంటుంది. దాన్ని గోరు మూలం అనవచ్చు, వైద్యులు మాట్రిక్స్ అంటారు. అక్కడ పుట్టిన కణాలు గట్టిపడుతూ ముందుకు జరుగుతూ వస్తాయి. చేతి గోరు నెలకు సుమారు 3 మిల్లీమీటర్లు పెరిగితే, కాలి గోరు అందులో సగం, అంటే ఒకటిన్నర మిల్లీమీటర్లు మాత్రమే పెరుగుతుంది. బొటనవేలి గోరు ఊడిపోతే పూర్తిగా కొత్తది రావడానికి 12 నుంచి 18 నెలలు పడుతుంది. ఈ అంకెలను గుర్తుంచుకోవాలి, ఎందుకంటే చికిత్సకు కావలసిన ఓపికంతా వీటి మీదే ఆధారపడి ఉంది.

గోరును ఒక మడి అనుకుంటే, రెండు పక్కలా లేచి ఉన్న చర్మం దాని గట్టు. మడికీ గట్టుకీ మధ్య సన్నని కాలువ ఉంటుంది. గోరు అంచు ఆ కాలువ వెంట నునుపుగా జారుతూ ముందుకు సాగి, వేలి కొసన కండను దాటి బయటపడాలి. మూలను గుండ్రంగా, లోతుగా కత్తిరించినప్పుడు రెండు మార్పులు జరుగుతాయి. గోరు ఆనిక లేకపోవడం వల్ల గట్టు కండ ఆ ఖాళీలోకి ఒరిగి, గోరు రావలసిన దారికి అడ్డుపడుతుంది. దానితోపాటు, కట్టర్ మూతి అందని లోపలి చోట గోరు అంచు తెగీ తెగక ఒక ముల్లులా మిగిలిపోతుంది. గోరు పెరిగే కొద్దీ ఆ ముల్లు ఎదురుగా ఉన్న కండలోకి దిగుతుంది. శరీరం దాన్ని తన భాగంగా చూడదు. కాలిలో తుమ్మముల్లు విరిగితే ఎలా ఎర్రబడి వాస్తుందో అలాగే వాస్తుంది. వాచిన కండ గోరుకు మరింత ఒత్తుకుంటుంది, ఒత్తుకున్న కొద్దీ ముల్లు ఇంకా దిగుతుంది. చర్మం చిట్లిన చోట సూక్ష్మజీవులు చేరి చీము పడుతుంది.

కాబట్టి చాలా సందర్భాలలో గోరు వంకరగా పెరగడం కన్నా, దాన్ని కత్తిరించిన తీరే అసలు కారణం. మిగిలిన కారణాలు దానికి తోడవుతాయి. మునివేళ్ల దగ్గర ఇరుకుగా ఉండే బూట్లు, బిగుతు సాక్సులు గట్టును గోరు మీదికి నెడతాయి. చెమట పట్టే పాదాలలో గోరూ చర్మమూ రెండూ మెత్తబడతాయి. మెత్తబడిన గోరు సులువుగా చీలి కొనలు దేలుతుంది, నానిన చర్మం సులువుగా తెగుతుంది. కౌమారంలోని పిల్లలకు, యువకులకు ఈ బాధ ఎక్కువగా రావడానికి చెమటా, బూట్లూ, ఆటలూ కలిసిరావడమే కారణం. ఫుట్‌బాల్ ఆడేటప్పుడు తగిలే దెబ్బ, గడపకు తగిలిన ఎదురుదెబ్బ, కాలి మీద గ్యాస్ సిలిండరు అంచు పడడం వంటివి గోరు ఆకారాన్నే మార్చేయవచ్చు. ఫంగస్ పట్టి మందమైన గోరు, వయసు పైబడిన వారిలో రెండు పక్కలా లోపలికి ముడుచుకుపోయే గోరు, పుట్టుకతోనే వెడల్పుగా, ఎక్కువ వంపుతో ఉండే గోరు మరికొన్ని కారణాలు. మొటిమలకు ఐసోట్రెటినాయిన్ మాత్రలు వాడుతున్న వారికీ, కొన్ని రకాల క్యాన్సర్ మందులు తీసుకుంటున్న వారికీ గోరు పక్కన ఇలాంటి వాపు రావచ్చు. అప్పుడు ఆ మందు రాసిన డాక్టరుకే ముందుగా చెప్పాలి, మందును సొంతంగా ఆపకూడదు.

గోరుచుట్టుకూ దీనికీ తేడా

మన ఇళ్లలో దీన్ని కూడా గోరుచుట్టు అనే అంటారు. గోరుచుట్టు మీద రోకటిపోటు అనే సామెత చెప్పే నొప్పి రెండింటికీ సరిపోతుంది గానీ, రెండూ ఒకటి కావు. గోరుచుట్టు చాలావరకు చేతివేళ్లకు, ముఖ్యంగా ఎప్పుడూ నీళ్లలో చేతులు పెట్టి పనిచేసే వారికి, గోళ్లు కొరికే వారికి వస్తుంది; చర్మంలోని చిన్న చీలిక గుండా సూక్ష్మజీవులు చేరడం దానికి మూలం. కండలోకి దిగిన గోరులో మొదటి దోషి గోరు అంచు, చీము తరువాత వచ్చేది. గోరుచుట్టు చీము బయటికి పోతే తగ్గుతుంది. ఇక్కడ ముల్లు కండలో ఉన్నంతకాలం చీము పోయినట్టే పోయి మళ్లీ పడుతుంది. మందుల దుకాణంలో అడిగి ఐదు రోజులు, మళ్లీ ఐదు రోజులు యాంటీబయోటిక్ మాత్రలు మింగినా బాధ తిరగబెట్టడానికి కారణం ఇదే.

సరిగ్గా గుర్తించాలంటే పాదాన్ని సబ్బుతో కడిగి, పొడిగా తుడిచి, మంచి వెలుతురులో కూర్చోవాలి. గోరు మధ్యలో వేలితో నొక్కితే పెద్దగా నొప్పి లేకుండా, పక్క గట్టు ముందు భాగాన్ని దూదిపుల్లతో మెల్లగా నొక్కగానే కాలు వెనక్కి లాక్కునేంత నొప్పి ఉంటే, గోరు కండను గుచ్చుతున్నట్టే. దుప్పటి అంచు తగిలినా రాత్రి నిద్ర రాకపోవడం కూడా దీని లక్షణమే.

తీవ్రతను మూడు దశలుగా చూడడం 1937లో హైఫెట్జ్ అనే వైద్యుడు చేసిన విభజన నుంచి వచ్చింది, వైద్యులు ఇప్పటికీ దాన్ని వాడుతున్నారు. మొదటి దశలో ఎరుపు, కొద్దిపాటి వాపు, నొక్కితే నొప్పి ఉంటాయి. రెండో దశలో నొప్పి ఎక్కువై, రసి కారుతుంది, చీము పడుతుంది. మూడో దశలో గోరు పక్కన ఎర్రగా, తడిగా, తాకితే నెత్తురు కారే దుర్మాంసం లేస్తుంది, గట్టు ఉబ్బి గోరు మీదికి పొర్లుతుంది. ఇంటి వైద్యం మొదటి దశకు బాగా పనికివస్తుంది, రెండో దశ తొలిరోజుల్లో కొంత ఉపయోగపడవచ్చు, మూడో దశకు చాలదు.

ఒక హెచ్చరిక ఇక్కడే చెప్పాలి. గోరు కింద లేదా పక్కన నెలల తరబడి మానని పుండు, పెరుగుతున్న కండ, గోరు పొడవునా వెడల్పవుతున్న నల్లని చార ఉంటే అది వేరే జబ్బు కావచ్చు. అరుదైనా, వాటిలో చర్మ క్యాన్సర్ ఒకటి. జమైకా గాయకుడు బాబ్ మార్లీ కాలి బొటనవేలి గోరు కింద 1977లో బయటపడింది అదే. మొదట దాన్ని ఫుట్‌బాల్ ఆటలో తగిలిన దెబ్బ అనుకున్నారు. ఆయన 1981లో మరణించారు. భయపెట్టడానికి చెప్పడం లేదు. వైద్యం చేస్తున్నా మానని గోరును మాత్రం తప్పకుండా డాక్టరుకు చూపించాలి.

ఇంట్లో చేయవలసింది

మధుమేహం ఉన్నవారు, కాళ్లలో రక్తప్రసరణ తక్కువగా ఉన్నవారు, పాదాలలో స్పర్శ తగ్గినవారు, రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడుతున్నవారు ఈ భాగాన్ని వదిలిపెట్టి నేరుగా డాక్టరును కలవాలి. భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) మధుమేహం మీద జరిపిన, 2023లో ప్రచురితమైన ఐసీఎంఆర్-ఇండియాబ్ అధ్యయనం మన దేశంలో 10 కోట్ల మందికి పైగా మధుమేహులు ఉన్నారని లెక్కగట్టింది. అంటే దాదాపు ప్రతి పెద్ద కుటుంబంలోనూ ఒకరుంటారు. స్పర్శ తగ్గిన పాదానికి వేడినీళ్లు కాలినా తెలియదు, గోరు గుచ్చినా తెలియదు; తెలిసేసరికి పుండు ఎముకదాకా పోయి ఉండవచ్చు.

మిగిలినవారు మొదట చేయవలసింది పాదాన్ని నానబెట్టడం. ఒక బేసిన్‌లో గోరువెచ్చని నీళ్లు తీసుకుని మోచేతితో వేడి చూసుకోవాలి. పసిపిల్లలకు స్నానం చేయించేటప్పుడు మోచేయి పెట్టి చూస్తామే, అంతకు మించిన వేడి వద్దు. కొందరు మామూలు ఉప్పు, కొందరు ఎప్సమ్ సాల్ట్ వేస్తారు. వేయడం వల్ల హాని లేదు గానీ, అసలు మేలు చేసేది గోరునూ చర్మాన్నీ మెత్తబరిచే గోరువెచ్చని నీళ్లే అని నా అభిప్రాయం. ఒక్కోసారి 10 నుంచి 15 నిమిషాల చొప్పున రోజుకు రెండు మూడుసార్లు నానబెట్టాలి. నానిన తరువాత గట్టు చర్మాన్ని దూదిపుల్లతో గోరు నుంచి దూరంగా, బయటివైపుకు మెల్లగా నాలుగైదు సార్లు నెట్టాలి. ఆ తరువాత వేళ్ల సందులతో సహా పూర్తిగా తడి తుడవాలి. నానబెట్టి తడిగానే సాక్సు తొడిగితే చేసిన మేలంతా పోతుంది.

రెండో పని గోరు మూలను కండ మీదికి ఎత్తి పెట్టడం. శుభ్రమైన దూదిని చిటికెడు తీసుకుని, దీపానికి చేసే వత్తికన్నా సన్నగా నలపాలి. పొడవు అర సెంటీమీటరు ఉంటే చాలు. నానిన వెంటనే, గోరు మెత్తగా ఉన్నప్పుడే, చేతులు సబ్బుతో కడుక్కుని, మూల కింద ఆ వత్తిని పక్క నుంచి కొద్దికొద్దిగా జొనపాలి. లోతుగా కుక్కనక్కర్లేదు, గోరు అంచుకూ కండకూ మధ్య దూది కనిపిస్తే సరిపోతుంది. మొదటి రెండు రోజులు కొద్దిగా నొప్పి ఉంటుంది, మూడో రోజుకు ఒత్తిడి తగ్గిన తేడా తెలుస్తుంది. దూది తడిసి మురికిపడుతుంది కాబట్టి ప్రతిరోజూ మార్చడం తప్పనిసరి. దూది నిలవకపోతే, పళ్ల సందులు శుభ్రం చేసుకునే ఫ్లాస్ దారపు ముక్కను అదే విధంగా మూల కిందికి జారవిడవవచ్చు. జొనపబోతే భరించలేని నొప్పి పుడితే బలవంతం చేయకూడదు; ఆ వేలికి మత్తు ఇచ్చి చేయవలసిన పని అది.

మూడోది టేపు పద్ధతి, మన దగ్గర చాలామందికి తెలియదు గానీ మొదటి దశలో చక్కగా పనిచేస్తుంది. మందుల దుకాణంలో దొరికే, సాగే గుణమున్న ప్లాస్టర్‌ను ఒక సెంటీమీటరుకు కొంచెం ఎక్కువ వెడల్పుతో, 8 నుంచి 10 సెంటీమీటర్ల పొడవుతో కత్తిరించుకోవాలి. ఒక కొసను నొప్పి ఉన్న గట్టు మీద, గోరు అంచుకు ఆనుకుని అతికించాలి. గోరు మీద మాత్రం అతికించకూడదు. అక్కడి నుంచి చర్మాన్ని గోరుకు దూరంగా లాగుతూ, ప్లాస్టర్‌ను వేలి అడుగు గుండా ఏటవాలుగా తిప్పి, రెండో కొసను వేలి పైభాగాన మొదలు దగ్గర అతికించాలి. సరిగ్గా వేస్తే గోరు అంచుకూ గట్టుకూ మధ్య సన్నని సందు కంటికి కనిపిస్తుంది. అది కనిపించకపోతే తీసి మళ్లీ వేయాలి. వేలి చుట్టూ ఉంగరంలా బిగించి చుట్టకూడదు. వేసిన తరువాత గోరును నొక్కి వదిలితే తెల్లబడిన రంగు రెండు సెకన్లలో తిరిగి ఎర్రబడాలి. ఆలస్యమైనా, వేలు నల్లబడినా, తిమ్మిరెక్కినా ప్లాస్టర్ వెంటనే తీసేయాలి. చెమటకు ఊడిపోతుంది కాబట్టి రోజూ స్నానం తరువాత మార్చుకోవాలి.

ఈ రోజులన్నిటా ముందు భాగం తెరిచి ఉన్న చెప్పులే వేసుకోవాలి. నొప్పికి పారాసెటమాల్ చాలు, పెట్టె మీద రాసిన మోతాదు దాటకూడదు. పిల్లవాడైతే కొద్దిరోజులు చెప్పులతో బడికి రానివ్వమని టీచరుకు చీటీ రాసి పంపడానికి మొహమాటపడవద్దు. బూటు లోపల ఎంత మందు రాసినా ఫలితం ఉండదు.

వారం నుంచి రెండు వారాలలో నొప్పి, వాపు స్పష్టంగా తగ్గాలి. నొప్పి తగ్గగానే దూదీ టేపూ మానేయడమే చాలామంది చేసే పొరపాటు. గోరు మూల కండను దాటడానికి ఇంకా 3 మిల్లీమీటర్లు పెరగవలసి ఉందనుకుందాం. నెలకు ఒకటిన్నర మిల్లీమీటర్ల చొప్పున దానికి రెండు నెలలు కావాలి. అందాకా దూది పెట్టడం ఆపకూడదు, ఆ మూలను ఎంత చిరాకు పెట్టినా కత్తిరించకూడదు.

చేయకూడని పనులు

గోరు మధ్యలో ఆంగ్ల అక్షరం వీ ఆకారంలో గంటు పెడితే గోరు మధ్యకు ముడుచుకుని పక్కలు వదులవుతాయని పెద్దలు చెప్పేవారు, ఇప్పటికీ వీడియోలలో చెబుతున్నారు. ఇది నిజం కాదు. గోరు మూలం నుంచే పెరుగుతుంది. చివర పెట్టిన గంటు సంగతి మూలానికి తెలియదు.

గోరుచుట్టు వచ్చిన వేలికి నిమ్మకాయ తొడగడం మన ఇళ్ల పాత అలవాటు. తెగిన కండ మీద పులుపు మంట పుట్టించి చర్మాన్ని ఇంకా దెబ్బతీస్తుంది, కాయ లోపల చీము పోవడానికి దారి ఉండదు. సున్నం, కిరసనాయిలు, బ్యాటరీ ఆసిడ్ వంటివి చర్మాన్ని కాల్చేస్తాయి. పసుపు ముద్ద పెడితే కొంప మునగదు గానీ, ఎరుపు ఎంతవరకు పాకిందో కనిపించకుండా కప్పేస్తుంది. సగం బ్లేడుతో గోరు పక్కను కోయడం, గుండుసూదితో చీము పొడవడం, హైడ్రోజన్ పెరాక్సైడ్ పదేపదే పోయడం, ఇవన్నీ మానేయాలి.

ఎప్పుడు ఆగకుండా వెళ్లాలి

రెండు వారాలు శ్రద్ధగా చేసినా తగ్గకపోతే, చీము ఎక్కువైతే, దుర్మాంసం లేస్తే, లేదా అదే వేలికి ఇది రెండోసారో మూడోసారో అయితే డాక్టరుకు చూపించాలి. జ్వరం వచ్చినా, ఎరుపు పాదం మీదికి పాకినా, కాలి మీదుగా ఎర్రని గీత పైకి వెళుతున్నా, గజ్జల్లో బిళ్ల కట్టినా, వేలు నల్లబడినా అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. మన ఊళ్లలో పాదాలకే ప్రత్యేకించిన వైద్యులు దొరకడం అరుదు. జనరల్ సర్జన్ గానీ చర్మవైద్యుడు గానీ ఈ పని చేస్తారు, ప్రభుత్వ ఏరియా ఆసుపత్రిలోనూ సర్జన్ ఉంటారు. మధుమేహులకు పాదాల క్లినిక్ అందుబాటులో ఉంటే అక్కడికి వెళ్లడం మేలు.

డాక్టరు మొదట దశను చూస్తారు. చిన్న సమస్య అయితే మత్తు ఇచ్చి, సెలైన్ గొట్టపు ముక్కను పొడవునా చీల్చి గోరు అంచుకు తొడుగులా పెట్టవచ్చు. అది ముల్లుకూ కండకూ మధ్య అడ్డుగోడలా నిలుస్తుంది. సమస్య ముదిరినా, తిరగబెడుతున్నా, గోరులో గుచ్చుకుంటున్న పక్క భాగాన్ని మాత్రమే తీసి, ఆ భాగానికి చెందిన మూలాన్ని ఫినాల్ అనే రసాయనంతో కాలుస్తారు. ఈ పద్ధతి 1940ల నుంచి వాడుకలో ఉంది. వేలి మొదట్లో రెండు పక్కలా లిడోకేన్ అనే మత్తుమందు సూది వేస్తారు; నిజం చెప్పాలంటే మొత్తం వ్యవహారంలో నొప్పి పుట్టేది ఆ రెండు పోట్లే. కొద్ది నిమిషాల్లో వేలు మొద్దుబారుతుంది. నెత్తురు కారకుండా వేలి మొదట్లో కట్టు బిగించి, గోరు పక్క నుంచి రెండు మూడు మిల్లీమీటర్ల పట్టీని మొదలుదాకా చీల్చి తీసి, ఆ గుంటలో ఫినాల్ తడిపిన దూదిని కొద్ది నిమిషాలు అద్దుతారు. అరగంటలో పని అయిపోతుంది, ఆసుపత్రిలో ఉండనవసరం లేదు. గర్భిణులకు ఫినాల్ వాడరు. కాలి రక్తప్రసరణ బాగా లేనివారికి ఈ కోత విషయంలో ముందుగా ఆలోచించుకోవలసి ఉంటుంది. కాబట్టి ఈ రెండు సంగతులనూ అడగకపోయినా మీరే చెప్పాలి.

గోరు మొత్తం పీకేస్తే పీడ పోతుందని అనుకునేవారు ఉన్నారు, అలా పీకే ఆర్‌ఎంపీలూ ఉన్నారు. మూలం అలాగే ఉంటుంది కాబట్టి గోరు మళ్లీ వస్తుంది, దానితో బాధా మళ్లీ వస్తుంది. పైగా ఏడాదిపాటు గోరు ఆనిక లేక వేలి కొస కండ పైకి లేచి, కొత్త గోరుకు ఎదురుగా గోడలా నిలబడుతుంది. వైద్య పరిశోధనల ఫలితాలను కలిపి బేరీజు వేసే కోక్రేన్ సంస్థ 2012లో వెలువరించిన సమీక్ష, బాధ తిరగబెట్టకుండా చూడడంలో కోత లేని పద్ధతులకన్నా శస్త్రచికిత్స మెరుగని, గోరు తీయడంతోపాటు ఫినాల్ కూడా వాడితే ఇంకా మెరుగు కావచ్చని తేల్చింది. అందువల్ల గోరు మొత్తం తీస్తామని ఎవరైనా అంటే, పక్క భాగం మాత్రమే తీయడానికి వీలు లేదా అని అడగడం మర్యాద తప్పడం కాదు.

ఆ రోజు వదులు చెప్పులు వేసుకుని వెళ్లాలి, బండి నడపడానికి తోడు ఒకరు ఉండాలి. ఇంటికి వచ్చాక కాలిని దిండు మీద ఎత్తి పెట్టుకోవాలి. మరునాడో ఎల్లుండో, డాక్టరు చెప్పిన ప్రకారం, కట్టు విప్పి రోజూ శుభ్రమైన నీళ్లతో కడిగి కొత్త కట్టు వేసుకోవాలి. కట్టు అతుక్కుపోతే లాగకుండా నీళ్లతో తడిపి విప్పాలి. ఫినాల్ కాల్చిన చోట రెండు నుంచి నాలుగు వారాలు పల్చని పసుపుపచ్చ రసి కారుతుంది. దాన్ని చూసి చీము అనుకుని కంగారుపడేవారే ఎక్కువ, మేమూ పడ్డాము. నొప్పి పెరగకుండా, ఎరుపు పాకకుండా ఉంటే అది మానుతున్న గాయమే. గోరు ఆ పక్కన శాశ్వతంగా కొంచెం సన్నబడుతుంది, చూసేవారికి తెలియదు.

గోళ్లు తీసుకునే పద్ధతి

ఆదివారం తలంటుకున్నాక చేతి గోళ్లూ కాలి గోళ్లూ ఒకేసారి తీసుకోవడం చాలా ఇళ్ల అలవాటు. చేతికి ఇది సరిపోతుంది. వారంలో కాలి గోరు అర మిల్లీమీటరు కూడా పెరగదు. తీయడానికి ఏమీ లేకపోయినా తీయబోతే, తెగేది ఉంచవలసిన భాగమే. అందుకని చేతి గోళ్లు నాలుగుసార్లు తీస్తే కాలి గోళ్లు ఒకసారి తీయడం చాలు. శుక్రవారం తీయకూడదు, రాత్రి తీయకూడదు అనే పట్టింపులలో రెండోదానికి నా ఓటు ఉంది. మూల సరిగ్గా కనిపించని వెలుతురులో కట్టర్ పట్టుకోకూడదు.

స్నానం తరువాత గోరు మెత్తగా ఉన్నప్పుడు, కాలి గోళ్లకోసం చేసిన, మూతి తిన్నగా ఉన్న పెద్ద కట్టర్‌తో తీయాలి. మామూలు కట్టర్ మూతి వంపుగా ఉంటుంది, అది చేతి గోళ్లకు చేసినది. దానితో కాలి గోరు తీస్తే మూల తనంతట తానే గుండ్రమవుతుంది. అదొక్కటే ఉంటే, దాని కొసతో చిన్న చిన్న ముక్కలుగా ఒక పక్క నుంచి రెండో పక్కకు అడ్డంగా తిన్నగా పోవాలి. ముందు తెల్లని అంచు ఒకటి రెండు మిల్లీమీటర్లు మిగలాలి. గోరు రెండు మూలలూ పక్క కండ మీద కూర్చుని, కంటికి కనిపిస్తూ ఉండాలి. చేతివేలి గోటిని వాటి కిందికి పోనివ్వగలిగితే సరిగ్గా తీసినట్టు. మూల పదునుగా ఉండి సాక్సుకు తగులుకుంటుంటే ఆకురాయితో ఒకే దిశలో రెండుసార్లు రాస్తే చాలు. చేత్తో చించడం వద్దు. బ్యూటీ పార్లరులో పెడిక్యూర్ చేయించుకునేవారు, మూలలు తవ్వి శుభ్రం చేయవద్దని కూర్చోగానే చెప్పాలి, పనిముట్లు మరిగించారో లేదో అడగాలి.

బూట్లను సాయంత్రంపూట, పాదం కొంచెం ఉబ్బి ఉన్నప్పుడు కొనాలి. కాగితం మీద నిలబడి పాదం చుట్టూ పెన్సిల్‌తో గీత గీసి, దాని మీద బూటు పెట్టి చూడండి. గీత బూటు అంచు దాటి బయటికి కనిపిస్తే ఆ బూటు ఆ పాదానిది కాదు. నిలబడినప్పుడు పొడవైన వేలికి ముందు ఒక వేలి వెడల్పు ఖాళీ ఉండాలి. పిల్లలకు జూన్‌లో కొన్న స్కూలు బూట్లు సంక్రాంతి సెలవుల నాటికి చాలకపోవచ్చు, అప్పుడొకసారి చూడాలి. సాక్సులు నూలువి, రోజూ ఉతికినవి కావాలి. వేళ్ల దగ్గర బిగుతైన సాక్సు బూటు చేసే హానే చేస్తుంది. నాట్లప్పుడు రోజంతా బురదలో నిలబడేవారు ఇంటికి రాగానే కాళ్లు కడిగి, గోళ్ల పక్కల తడి ఆరేలా తుడుచుకోవాలి. మెట్టెలు ఉన్నవారికి పక్కవేలు వాస్తుంటే, బిగుసుకుపోకముందే వాటిని తీసి దాచుకోవడం మంచిది.

వృద్ధులకు వంగడం కష్టం, చూపు ఆనదు, గోరు రాయిలా ఉంటుంది. వారి కాలి గోళ్లు ఇంట్లో మరొకరు నెలకొకసారి తీయాలి. ఇరవై నిమిషాలు నానబెట్టి, మందం ఎక్కువగా ఉంటే ముందు ఆకురాయితో పైపొర పలచన చేసి, ఆ తరువాత కట్టర్ వాడాలి. పసిపిల్లలకు బొటనవేలి గోరు మెత్తగా, పక్కలు కండలో కూరుకున్నట్టుగా ఉండడం మామూలే. చాలామందికి పెరిగే కొద్దీ సర్దుకుంటుంది. స్నానం తరువాత పక్క కండను నూనె వేలితో గోరు నుంచి దూరంగా మెల్లగా రాస్తూ, కాళ్లు కప్పే బిగుతు దుస్తులు వేయకుండా ఉంటే సరిపోతుంది. ఎర్రబడి చీము కనిపిస్తే పిల్లల డాక్టరుకు చూపించాలి, ఆ మూలను మాత్రం ఇంట్లో కత్తిరించకూడదు.